ముందు పూజ, తరువాత బిల్లు

అర గాలను పెట్రోలుతో హిందూపురం నుంచి ధర్మవరం చేరుతుందని అమ్మేవాళ్లు చెప్పిన మోటారు సైకిలు, దారిలో పెనుకొండ బస్టాండు దగ్గర కాసేపు ఆగింది. అరవైల మొదటి సంవత్సరాల మాట ఇది. నేను అప్పుడు పెనుకొండలో ఉన్నత పాఠశాల పిల్లలకు సైన్సు చెప్పేవాడిని. బండి ట్యాంకు మూతకు లక్కతో ముద్ర వేసి, దాని మీద హిందూపురం పెద్దమనిషి ఒకరి ఉంగరం గుర్తు ఒత్తించారు. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న నడిపేవాడు బండి దిగలేదు. ఒక కాలు నేలకు ఆనించి, ఎవరి వంకా చూడకుండా ఉండిపోయాడు. వెనక కారులో వచ్చిన, హిందూపురంలో ఆ బండ్లు అమ్మే అంగడి మేనేజరు మాత్రం గుంపులో కలియదిరిగి, పెళ్లిలో మంగళసూత్రం అందరి చేతా తాకించినట్టు, ఆ లక్కముద్రను అందరి చేతా తాకించాడు.

"అర గాలనప్పా, అర గాలను! ధర్మవరంలో మూత తీస్తాం. ఇంకా మిగిలుంటాది. నమ్మకం లేనోళ్లు బస్సెక్కి వచ్చి చూసుకోండి!"

నేను అడిగాను: "అదే అర గాలనుతో ధర్మవరం నుంచి హిందూపురానికి తిరిగి వస్తాదా?"

మేనేజరు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఏం అయ్యవారూ, బండి కొనేది ముందుకు పోయేదానికా, వెనక్కి వచ్చేదానికా?"

గుంపు నవ్వింది. గుంపుకు జవాబు అక్కరలేదు, నవ్వు చాలు. ఆ సంగతి మేనేజరుకు తెలుసు. అతని విద్య అంతా అంతే.

నా ప్రశ్నకు కారణం రైలు స్టేషన్లలో ఉంది. ప్రతి స్టేషన్లో ఊరి పేరు రాసిన పసుపు పలక మీద ఒక మూలన ఆ చోటు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. దాన్ని చదివే ప్రయాణికుడిని నేను ఇంతవరకు చూడలేదు. హిందూపురం పలక మీది అంకె పెద్దది. పెనుకొండది అంతకంటే తక్కువ. ధర్మవరం చేరేసరికి ఆ అంకె సగానికి దగ్గరగా పడిపోతుంది. అంటే ఆ దారి మొత్తం మీద పల్లం. వాలు వచ్చిన చోటల్లా ఇంజను ఆపి బండిని జారవిడిస్తే, పెట్రోలు మిగలడం ఇంజను గొప్ప కాదు, భూమి ఆకర్షణ గొప్ప. ఈ మాట మా తొమ్మిదో తరగతి పిల్లలకు చెబితే అర్థమయింది. పెనుకొండ వర్తకులకు, గుమాస్తాలకు, నా తోటి ఉపాధ్యాయులలో ఇద్దరికి అర్థం కాలేదు.

రెండు రోజుల తరువాత అదే మోటారు సైకిలు హిందూపురానికి తిరిగి వెళ్లడం నేను కళ్లారా చూశాను. లారీ మీద, వేరుశనగ బస్తాల మధ్య, తాళ్లతో కట్టి ఉంది.

ఆ సంగతి మా బావకు చెప్పాను. అక్క భర్త. రొద్దంలో చిన్న వైద్యశాల పెట్టుకున్న లైసెన్సు డాక్టరు. ప్రదర్శన జరిగిన రోజు మందులు కొనడానికి పెనుకొండ వచ్చి, గుంపులో నా పక్కనే నిలబడి, లక్కముద్రను తానూ తాకి చూసినవాడు.

"లారీ మీద పోతే పెట్రోలు ఇంకా మిగిలినట్టే గదప్పా," అని నవ్వాడాయన.

ఆయన అప్పటికే మనసు ఇచ్చేశాడు. ఆయన అవసరాన్ని నేను తప్పు పట్టలేదు. రొద్దం చుట్టూ ఉన్న పల్లెలకు ఆయన సైకిలు మీద తిరిగేవాడు. పెన్న ఇసుకలో సైకిలు దిగి తొయ్యాలి. ఒక మోకాలు అప్పటికే వాచి ఉండేది. ఒక పల్లెకు పోయివచ్చేలోగా రెండో పల్లెవాళ్లు కాచుకుని కాచుకుని, ఎద్దులబండి కట్టుకుని వేరే వైద్యుడి దగ్గరకు పోతున్నారు. మోటారు సైకిలు లేకపోతే ఇంకొక రెండేళ్లలో వైద్యశాల మూసుకోవలసిందే. అది ఆయన లెక్క. ఆ లెక్కను నేను కూడా సరిచూశాను, తప్పు లేదు.

చెరువు కింద ఉన్న మడి అమ్మి బండి ధర సిద్ధం చేసుకున్నాడు. కంపెనీ వాళ్లు అచ్చువేసిన ధర ఎంతో అంత, అనంతపురం ఆఫీసులో కట్టవలసిన రిజిస్ట్రేషన్ రుసుము, ఇన్సూరెన్సు. అంతే. ఇక మిగిలింది బావి కింద చేను. ఇల్లు తినేది ఆ చేను మీదనే. అది పోతే మా అక్క సంసారం ఆయన మందుల సంచీ మీద ఆధారపడి బతకాలి. జబ్బు నయమైన తరువాత ఫీజు ఇవ్వడం మరిచిపోయే పల్లెలు అవి.

అడ్వాన్సు కట్టడానికి హిందూపురం పోయినప్పుడు మేనేజరు ఆయనకు రెండు మాటలు చెప్పాడు. బండి వచ్చిన రోజున భూమి పత్రాలు వెంట తెచ్చుకోవాలి, రిజిస్ట్రేషన్ వాళ్లు చిరునామాకు రుజువు అడుగుతారు అనేది ఒకటి. ముహూర్తం గురించి దిగులు పడనక్కరలేదు, అంగడి పురోహితుడే పెట్టి ఇస్తాడు అనేది రెండోది. ఈ రెండో మాటకు మా అక్క ఎంతో సంతోషపడింది.

రుజువు లేని మాటను అలాగే వదిలేసే అలవాటు నాకు లేదు. అనంతపురం పని మీద పోయినప్పుడు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లి అడిగాను. భూమి పత్రాలా, ఎందుకు అన్నాడు అక్కడి గుమాస్తా. నా ముఖంలో వెర్రి ఏమైనా కనబడుతోందా అని వెతికినట్టు చూశాడు. రుసుము ఎంతో చెప్పాడు. ఒక మోస్తరు చీర కొనడానికి కూడా చాలనంత చిన్న మొత్తం.

తరువాత అంతకు ముందు ఆ అంగడిలో బండ్లు కొన్నవాళ్లను వెతికి పట్టుకున్నాను. పెనుకొండలో ఒక కంట్రాక్టరు దొరికాడు. ధర్మవరంలో ఒక పట్టుచీరల వర్తకుడు, ఒక బియ్యం మిల్లు యజమాని దొరికారు. ముగ్గురూ అచ్చు ధరకంటే ఒక మంచి ఎడ్లజత ఖరీదంత ఎక్కువ ఇచ్చారు. దేనికి ఇచ్చారో ముగ్గురిలో ఒక్కడూ సరిగా చెప్పలేకపోయాడు. రవాణా అన్నాడు ఒకడు. ఫిటింగు అన్నాడు ఇంకొకడు. మిల్లు యజమాని కొంచెం ఆలోచించి, "బ్యాటరీలో యాసిడ్ పోసేదానికి, చక్రాల్లో గాలి కొట్టేదానికి కూడా వేసినారు సారూ," అన్నాడు. గాలికి డబ్బు కట్టానని చెబుతున్న మనిషి ముఖంలో సిగ్గు లేదు, కొత్త బండి కలవాడి తృప్తి ఉంది.

"కొనకముందే చెప్పినారా ఇవన్నీ?"

"ముందెందుకు చెప్తారు? పూజ అయినంక బిల్లు ఇస్తారు."

"అప్పుడు వద్దని లేచి రావచ్చు గదా?"

ఆ మనిషి నన్ను జాలిగా చూశాడు. "ముహూర్తం పెట్టుకొని, పెండ్లాంబిడ్డల్ని తోలుకొని పోయి, ఉత్త చేతుల్తో యాడికొస్తాము సారూ? పదిన్నరకు రాహుకాలం వస్తాండాది. వాళ్లేమో పది దాటినంక బిల్లు చేతిలో పెడ్తారు."

అప్పుడు నాకు వేరే ప్రశ్న తోచింది. ముగ్గురి జన్మనక్షత్రాలు అడిగాను. మూడూ వేరు. ముగ్గురి ముహూర్తాలు అడిగాను. మూడూ శుక్రవారమే. మూడూ పదిన్నరకు ముందే. పంచాంగం మీద నాకు నమ్మకం లేదు. అయితే నమ్మేవాళ్లు చెప్పే నియమం ప్రకారమైనా నక్షత్రాన్ని బట్టి ముహూర్తం మారాలి కదా. ఎవరి నక్షత్రం ఏదైనా ఒకే వారం, ఒకే గంట వచ్చేటట్టు ముహూర్తం పెట్టేవాడు గ్రహాలను చూడడం లేదు, అంగడి గడియారాన్ని చూస్తున్నాడు. శుక్రవారం పొద్దున పదిన్నరకు మొదలయ్యే రాహుకాలాన్ని ఆ అంగడి ఒక వసూలు గుమాస్తాగా పెట్టుకుంది. జీతం అడగడు, సెలవు అడగడు.

బావకు ఈ సంగతులన్నీ వివరంగా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. కాదనలేదు. "ముగ్గురూ బండ్లు తోలుకొని తిరుగుతాండారు గదప్పా," అన్నాడు చివరికి. "నీకు నమ్మకం లేదని మీ అక్కకు లేకుండా పోతాదా?"

శుక్రవారం నాడు నేను సెలవు పెట్టి వాళ్లతో హిందూపురం పోయాను. బావ సంచీలో డబ్బు, మందు సీసాల పక్కన బావి చేను పత్రాలు. నేను వద్దని చెప్పినా తెచ్చాడు. అక్క చేతిలో బుట్ట. అందులో రెండు టెంకాయలు, పూలు, పసుపు, కుంకుమ.

అంగడి ముందు బండి నీళ్లతో కడిగి, తుడిచి, దక్షిణం చూడకుండా జాగ్రత్తగా తూర్పు ముఖంగా నిలబెట్టారు. పురోహితుడు వచ్చాడు. సన్నటి మనిషి. నోట్లో వక్కపలుకు. బావ గోత్రం అడిగాడు, పేరు అడిగాడు, అక్క పేరు అడిగాడు. అవన్నీ కలిపి గట్టిగా సంకల్పం చెప్పాడు. హ్యాండిలుకు చామంతి మాల వేయించాడు. ట్యాంకు మీద మా అక్క చేత పసుపు, కుంకుమ పెట్టించాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. టెంకాయ పగిలింది. ఎదుటి టీ అంగడిలో కూర్చున్నవాళ్లు గ్లాసులు చేతిలో పట్టుకుని వచ్చి చూశారు. అక్క కళ్లు తుడుచుకుంది. గోడ గడియారంలో పది దాటింది. సరిగ్గా అప్పుడు మేనేజరు లోపలి నుంచి బిల్లు తీసుకుని వచ్చాడు.

నేను దాన్ని చదివాను. మద్రాసు నుంచి రవాణా. ఫిటింగు. కాళ్లకు అడ్డంగా ఉండే ఇనుప కమ్మీ. వెనక సీటు. పక్క పెట్టెలు. అద్దం. యాసిడ్. గాలి. పాలిష్. రిజిస్ట్రేషన్ ఖర్చు అని, అనంతపురం గుమాస్తా చెప్పిన మొత్తానికి అయిదింతలు. పూజా సామగ్రికి కూడా వేశారు. టెంకాయలు మా అక్క బుట్టలోవి, నిమ్మకాయలు మాత్రమే వాళ్లవి.

"ఈ కమ్మీ కంపెనీ అచ్చు బొమ్మలోనే ఉండాది గదా. బండితో వచ్చినదానికి మళ్లీ దుడ్లు ఏంటికి?" అని అడిగాను.

"బొమ్మలో ఉంటాదప్పా. బొమ్మ కంపెనీది, బిగించేది మేము," అన్నాడు మేనేజరు.

"బిగించకుండా ఇవ్వండి."

"అట్ల ఇచ్చే పద్ధతి లేదు అయ్యవారూ. అందరికీ ఇదే రేటు. ధర్మవరం వాళ్లు, మడకశిర వాళ్లు, అందరూ నోరెత్తకుండా కట్టినోళ్లే."

అది నిజమే. అంతమంది నోరెత్తకపోవడం వల్లనే ఆ నోరు అంత ధైర్యంగా మాట్లాడుతోంది. నేను ఒక్కొక్క పద్దూ తీసుకుని ప్రశ్నించాను. కంపెనీ ధరలోనే రవాణా చేరి ఉందని అచ్చుకాగితంలో ఉన్న వాక్యం చూపించాను. అతను ప్రతిదానికీ తల ఊపాడు. ఒక్కదాన్నీ కొట్టివేయలేదు. నా వాదన ఎంత బాగుంటే అతనికి అంత మంచిదని నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. నేను మాట్లాడినంత సేపూ గడియారం నడుస్తోంది.

"టైము అయిపోతాండాది డాక్టరు సార్," అన్నాడు మేనేజరు మెత్తగా, నన్ను పక్కకు పెట్టి. "ఇంత దూరం వచ్చి రాహుకాలంలో బండి తీస్తే, పెద్దోళ్లు నన్నంటారు. దుడ్లు తక్కువైతే దానికేం, మా మామ లోపలే ఉండాడు. చేను కాగితాలు తెచ్చినారు గదా, అవి ఆయన చేతిలో పెడితే ఇప్పుడే సర్దేస్తాడు. పంట వచ్చినాక విడిపించుకోవచ్చు."

చిరునామాకు రుజువుగా తెమ్మన్న పత్రాలు ఎందుకో అప్పుడు బయటపడింది. లోపలి గదిలో కుర్చీలో ఒక లావాటి మనిషి పొద్దుటినుంచీ అదే పని మీద కూర్చుని ఉన్నాడు. ముందు పూజ, తరువాత బిల్లు, బిల్లు వెనక మామ. పెద్ద కర్మాగారంలో కూడా ఇంత క్రమంగా పని జరగదు.

బావ సంచీ తెరిచాడు. చేయి మందు సీసాల మధ్యకు పోయింది. అక్క ముఖం పాలిపోయింది. పత్రాల సంగతి ఆమెకు తెలియదు. "అదేంటికి తెచ్చినావు?" అంది. అంతకంటే గట్టిగా ఆమె మాట్లాడలేదు, బయటివాళ్లు చూస్తున్నారు. అయితే ఆమె కళ్లు కూడా గడియారం మీదికే పోయాయి. చేను పోతుందన్న భయం ఒకవైపు, ఘడియ దాటుతుందన్న భయం ఒకవైపు. ఆ రెండింటిలో రెండోది తక్కువ అని ఆమెకు ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. ఆ నిమిషంలో ఆ మేనేజరు మీద నాకు కలిగిన అసహ్యం ఈనాటికీ తగ్గలేదు.

భౌతికశాస్త్రం పనికిరాని చోటు అది. నేను బావ చేయి పట్టుకున్నాను.

"బావా, ఒక్కటి అడుగుతా. రాహుకాలంలో ఎవరన్నా మూర్ఛ వచ్చిన పిల్లోన్ని ఎత్తుకొని నీ దగ్గరికి వస్తే, పన్నెండు దాకా కూర్చోమంటావా?"

ఆయన నన్ను చూశాడు. "అదేం మాటప్పా?"

"అంటావా, అనవా?"

"ఎప్పుడన్నా అన్నానా?"

"మరి ఆ పిల్లోని దగ్గరికి పోయే బండి మాత్రం రాహుకాలంలో ఎందుకు కదలకూడదు?"

 ఆయన పంచాంగాన్ని కాదన్నవాడు కాదు. శనివారం నూనె వెలిగించేవాడు, ప్రయాణానికి వారం చూసేవాడు. కానీ జబ్బు మనిషి దగ్గరకు పోవడానికి ఒక్కనాడూ ఘడియ చూసుకోలేదు. తనకే తెలియకుండా తన జీవితంలో ఒక భాగాన్ని ఆయన శుభ్రంగా ఉంచుకున్నాడు. సంచీ మూసేశాడు. గోడ పక్కనున్న బెంచీ మీద కూర్చుని, వాచిన మోకాలు ముందుకు చాపుకున్నాడు.

"మేనేజరుగారూ, నాకేం తొందర లేదు. అచ్చు ధర, గవర్నమెంటు రుసుము, ఇన్సూరెన్సు. ఇస్తే తోలుకొని పోతా. లేదంటే కూర్చుంటా."

"అయ్యో, ఏమండీ..." అంది అక్క.

గడియారం పదిన్నర కొట్టింది. ఆకాశం కూలలేదు. మేనేజరు మెత్తదనం మాత్రం పోయింది.

"కూర్చోండి, ఎవరొద్దన్నారు? లిస్టులో మీ వెనక ఇంకా మంది ఉండారు. ఈ బండి సాయంత్రానికి వెనకాయనకు పోతాది. అడ్వాన్సు సంగతి కంపెనీ రూలు ప్రకారం చూస్తాము."

ఆ బెదిరింపుతోనే అతను పొరపాటు చేశాడు. అంతవరకు నాకు తట్టని సంగతి అప్పుడు కళ్లముందు నిలిచింది. మాల వేసిన బండి, మా అక్క చేతి పసుపు, కుంకుమ, చక్రాల కింద నలగని నిమ్మకాయలు.

"ఎవరికి పోతాది?" అన్నాను. "డాక్టరు గోత్రంతో, డాక్టరు పేరుతో పూజ అయిపోయింది. ఊరంతా చూసింది. ఇంకొకరి పేరున పూజ చేసి, రాహుకాలంలో వదిలేసిపోయిన బండిని ఈ చుట్టుపక్కల కొనే మనిషి ఎవరో చెప్పండి, వింటాను."

"కడిగేస్తే పోతాది," అన్నాడు మేనేజరు. అయినా అతని కళ్లు పురోహితుడి మీదికి పోయాయి.

పురోహితుడు వక్కపలుకు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకున్నాడు. డబ్బు కోసం ముహూర్తాలు తయారుచేసే మనిషే అయినా, తన శాస్త్రం మీద ప్రశ్న వచ్చేసరికి అతనిలో ఏదో అభిమానం లేచింది. "సంకల్పం అయిపోయింది గదప్పా," అన్నాడు నెమ్మదిగా. "కడిగితే పసుపు పోతాది. సంకల్పం యాడికి పోతాది?"

టీ అంగడి వైపు నుంచి ఎవరో అందుకున్నారు. "నిజమేలే. దుడ్లు ఎదురిచ్చినా నేనైతే తీసుకోను!"

"నీకెవురిస్తారబ్బా, టీకే బాకీ ఉండావు," అన్నాడు ఇంకొకడు. మళ్లీ నవ్వు.

ఈసారి గుంపు నవ్వు మేనేజరు వైపు లేదు. మూఢనమ్మకం పక్షాన నిలబడి వాదించడం నా జీవితంలో అదొక్కసారే. నాకు ఏమాత్రం సిగ్గు అనిపించలేదు. వాళ్లు మమ్మల్ని కట్టివేయడానికి పేనిన తాడే అది. రెండో కొస వాళ్ల నడుముకే చుట్టుకుని ఉందని పేనేవాడు చూసుకోలేదు.

మేనేజరు లోపలికి పోయాడు. మామ గొంతు వినిపించింది, తలుపు మూసుకుంది. చాలా సేపటికి బయటకు వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా, బిల్లులో పద్దులు కొట్టివేశాడు. అచ్చు ధర, రుసుము, ఇన్సూరెన్సు మిగిలాయి. ఇక ఆ తరువాత అతను చూపించిన చిన్నబుద్ధి గుర్తుపెట్టుకోదగినది. పనివాడిని పిలిచి స్పానరుతో కమ్మీ విప్పించాడు. వెనక సీటు, పక్క పెట్టెలు, అద్దం విప్పించాడు. ట్యాంకులో పెట్రోలు డబ్బాలోకి వంపించి, బంకు దాకా పోయేంత మాత్రం వదిలాడు. కమ్మీ కంపెనీదే అని మళ్లీ వాదించబోయాను. బావ వద్దని తల ఊపాడు. చక్రాల్లో గాలి మాత్రం తీయించలేదు. తీయిస్తే బండి అంగడి ముందే ఉండిపోతుందని కాబోలు.

ఆ అంగడికి బుద్ధి చెప్పామని నేను కొంతకాలం అనుకున్నాను. మరుసటి ఏడు మా పాఠశాలలోనే లెక్కలు చెప్పే ఆయన ఒక బండి కొన్నాడు. ఎడ్లజత ఖరీదు అతనూ పోశాడు. ముహూర్తం శుక్రవారమే, పురోహితుడు అతడే. ఒక్కటే మార్పు: ఇప్పుడు ముందు బిల్లు చెల్లించాలి, ఆ తరువాతనే గోత్రం అడుగుతారు. ఒక్క పొరపాటు జరిగితే పద్ధతిని వెంటనే సవరించుకునే మనుషులు. ఆ తెలివి కొనేవాళ్లలో ఒక్కరికైనా ఉంటే వాళ్ల అంగడి మూతపడి ఉండేది. లెక్కల ఆయనకు నేను ముందే అన్నీ చెప్పాను. "మీకేం సార్, మీరు నాస్తికులు," అన్నాడు.

ఆ శుక్రవారం, రాహుకాలం ఇంకా నడుస్తుండగానే, బావ బండి ఎక్కాడు. నిమ్మకాయలు నలిగాయి. వెనక సీటు లేదు కనుక అక్క ఎక్కడానికి వీలు లేదు. పెట్టెలు లేవు కనుక సంచీ నాకు ఇచ్చాడు. బంకు వైపు మెల్లగా, రెండు కాళ్లూ నేలకు దగ్గరగా పెట్టుకుని పోయాడు. మాల హ్యాండిలుకు అడ్డం పడుతుంటే తీసి మెడలో వేసుకున్నాడు.

అక్కా నేనూ రొద్దం బస్సు ఎక్కాము.  ఆమె కిటికీలోంచి రోడ్డు వెంట చూస్తూ కూర్చుంది. ఎదురుగా వచ్చిన ప్రతి లారీకీ పెదవులు కదిలించింది. చాలా దూరం పోయిన తరువాత, ఒక ఊరి దగ్గర ఆగిన మా బస్సును దాటుకుని బావ ముందుకు పోయాడు. చేయి ఊపలేదు. ఊపితే పడతానన్న భయం వీపులోనే కనబడుతోంది. ఆయన మలుపు తిరిగేదాకా చూసి, అక్క నా వైపు తిరిగింది.

"ఆ కాగితాలు యాడుండాయి?"

"సంచీలో."

"ఇట్ల ఇయ్యి."

ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. అయినా మడత విప్పి, చివరన ఉన్న ముద్ర చూసి, మళ్లీ మడిచింది.

"మీ బావ అడిగితే ఏం చెప్తావు?"

"నీ దగ్గరుండాయని చెప్తా."

"చెప్పు. అడిగినా ఇయ్యనని కూడా చెప్పు. మళ్లీ ఏదన్నా కొనల్లంటే నన్నడిగి కొనమను." కాగితాలు చేతిలోనే పట్టుకుని, "రాహుకాలంలో బండెక్కిచ్చినావు. మన బస్సును దాటి పొయ్యేదాకా నాకు పానం పానంలో లేదు," అంది.

పత్రాలను బుట్టలో అడుగున పెట్టి, పైన టెంకాయ చిప్పలు సర్దింది. బుట్టను కాళ్ల మధ్య పెట్టుకుని, రొద్దం వచ్చేదాకా కండక్టరు జరపమన్నా జరపలేదు.